ఊరి మాట క్యాంపస్ దాకా వెళ్లే దారి

వరిలో కొత్త వంగడం ఏదైనా మార్కెట్లోకి రాకముందే కొందరు రైతుల ఇళ్లకు చిన్న సంచిలో చేరుతుంది. పరిశోధనా స్థానాల్లో దాన్ని చిరుసంచి అంటారు, ఊళ్లో మినీకిట్ అంటారు. ఏళ్ల తరబడి మడుల్లో పెంచి, వడపోసి, చివరకు మిగిలిన ఒకటి రెండు రకాలను కొన్ని కిలోల చొప్పున రైతులకిచ్చి, వాళ్లు ఎప్పుడూ వేసే రకం పక్కనే వేసి చూడమంటారు. భూమి, నీళ్లు, ఎరువు, కలుపుతీత అన్నీ రైతువే. వేర్వేరు జిల్లాల్లో, వేర్వేరు నేలల్లో రెండు మూడేళ్లు ఇలా నిలబడిన రకాన్నే విడుదలకు పంపుతారు.

కోతలకు ముందు శాస్త్రవేత్త ఆ చేలో దిగి కంకికి ఎన్ని గింజలున్నాయో లెక్కపెడతాడు, చదరపు మీటరుకు ఎన్ని పిలకలు వచ్చాయో చూస్తాడు, వెయ్యి గింజల బరువు తూస్తాడు. రైతు చూసేవి వేరే. తుపాను వానకు చేను పడిపోయిందా? పడితే కంకిలోనే గింజ మొలకెత్తిందా? గడ్డి పశువు ఇష్టంగా తింటోందా? మిల్లులో నూక ఎంత వస్తోంది? ఈ గింజ చూసి దళారి బస్తాకు ఎంత కోత పెడతాడు? రెండో పంటకు పొలం ఎప్పుడు ఖాళీ అవుతుంది? ఈ రెండు చూపులూ ఒకే గట్టు మీద కలిస్తేనే విశ్వవిద్యాలయానికీ ఊరికీ మధ్య భాగస్వామ్యం మొదలైనట్టు. సదస్సులు, ఫ్లెక్సీలు, దత్తత గ్రామాలు ఆ కలయికకు తోడ్పడితే మంచిదే. తోడ్పడకపోతే అవి ఫొటోలకే మిగులుతాయి.

విశ్వవిద్యాలయం ఊరికి ఏం చేర్చిందన్న లెక్క ప్రతి వార్షిక నివేదికలోనూ ఉంటుంది. ఎన్ని ప్రదర్శన క్షేత్రాలు వేశారు, ఎంతమందికి శిక్షణ ఇచ్చారు, ఎన్ని కరపత్రాలు పంచారు అన్నీ అంకెలతో సహా దొరుకుతాయి. ఊరు చెప్పిన మాట విశ్వవిద్యాలయంలో ఎక్కడిదాకా వెళ్లింది, దాని వల్ల ఏ పరిశోధన మలుపు తిరిగింది అన్న లెక్క మాత్రం వెతికినా దొరకడం కష్టం. భాగస్వామ్యం కుదిరిందో లేదో తేల్చి చెప్పేది ఈ రెండో లెక్కే.

తెలుగు నేల మీద ఈ సంబంధం విశ్వవిద్యాలయాల కంటే పాతది. సామర్లకోటలో 1902లో, నంద్యాలలో 1906లో, అనకాపల్లిలో 1913లో, గుంటూరు దగ్గరి లాంలో 1922లో, మార్టేరులో 1925లో వ్యవసాయ పరిశోధనా స్థానాలు మొదలయ్యాయి. వరి పండే చోట వరి, చెరకు పండే చోట చెరకు. స్థానం కంచె దాటితే రైతు పొలమే. లోపల ఏం పెంచుతున్నారో దారిన పోయే రైతుకు కనిపిస్తుంది, బయట పైరుకు ఏ తెగులు వచ్చిందో లోపలి వాళ్లకు తెలుస్తుంది. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రాజేంద్రనగర్‌లో ఏర్పడినప్పుడు ఈ స్థానాల వారసత్వం దానికి దక్కింది. 1996లో అది ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టుకుంది. రాష్ట్రం విడిపోయాక రాజేంద్రనగర్ క్యాంపస్ ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయమై తెలంగాణకు వెళ్లింది, రంగా విశ్వవిద్యాలయం లాం చేరింది.

ఈ విశ్వవిద్యాలయాల నమూనా అమెరికా నుంచి వచ్చింది. అక్కడ 1862 నాటి చట్టంతో ప్రభుత్వం ఇచ్చిన భూమి ఆధారంగా రాష్ట్రానికో భూదాన విశ్వవిద్యాలయం పుట్టింది. 1914లో వచ్చిన మరో చట్టం చదువు, పరిశోధనలతో పాటు విస్తరణను కూడా ఆ విశ్వవిద్యాలయాలకే అప్పగించింది. అంటే కౌంటీలో తిరుగుతూ రైతుకు సలహా ఇచ్చే మనిషి విశ్వవిద్యాలయం మనిషే. 1960ల్లో కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ నిపుణులు మన దగ్గర పనిచేసినప్పుడు ఆ ఆలోచన వాళ్లతో వచ్చింది కానీ, ఏర్పాటు మొత్తంగా రాలేదు. ఇక్కడ ఊళ్లో తిరిగేది రాష్ట్ర వ్యవసాయ శాఖ సిబ్బంది. విశ్వవిద్యాలయం పని పరిశోధించి, ఫలితాన్ని శాఖకు అందించడం, కొద్దిచోట్ల తాను స్వయంగా ప్రదర్శించడం.

ఈ విభజన చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ, చాలా చిక్కులు ఇక్కడే పుడతాయి. రైతు తన గోడు చెప్పుకునేది రోజూ కనిపించే శాఖ ఉద్యోగికి. ఆ ఉద్యోగికి సబ్సిడీ విత్తనం, పంట నమోదు, బీమా, ధాన్యం కొనుగోలు ఇలా సవాలక్ష పనులు. వరిలో కొత్తగా కనిపించిన మచ్చ గురించి రైతు చెప్పిన మాట ఆయన దగ్గర ఆగిపోతే శాస్త్రవేత్తకు చేరే వేరే దారి ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో పదివేలకు పైగా రైతు భరోసా కేంద్రాలు వచ్చి, తర్వాత రైతు సేవా కేంద్రాలుగా పేరు మార్చుకున్నాయి. తెలంగాణలో ఐదువేల ఎకరాల క్లస్టర్‌కు ఒకటి చొప్పున 2,601 రైతు వేదికలు కట్టారు. సలహా కిందికి దిగడానికి ఇవి బాగా పనికొస్తున్నాయి. వీడియో కాన్ఫరెన్స్‌లో శాస్త్రవేత్త మాట్లాడితే వందల వేదికల్లో ఒకేసారి వినిపిస్తుంది. అదే తెరలో రైతు అడిగిన ప్రశ్నను ఎవరు రాసుకుంటున్నారు, పది మండలాల నుంచి ఒకే ప్రశ్న వస్తే దాన్ని పరిశోధనాంశంగా మార్చే అధికారం ఎవరికుంది అన్నవి ఇంకా తేలాల్సిన సంగతులు.

మాట వెనక్కి చేరడానికి ఎంతకాలం పడుతుందో రెండు వరి రకాల కథలో కనిపిస్తుంది. మార్టేరు నుంచి 1982లో విడుదలైన ఎంటీయూ 7029ని రైతులు స్వర్ణ అంటారు. వశిష్ట, మసూరి రకాలను కలిపి తీసిన వంగడం ఇది. తక్కువ ఎరువుతో కూడా దిగుబడి ఇస్తుందన్న పేరు దానికి ఎవరూ ప్రచారం చేయకుండానే వచ్చింది. బంధువుల ఇంటికి వెళ్లిన రైతు ఒక మూట తెచ్చుకోవడం, పక్క ఊరి వాళ్లు ధాన్యానికి ధాన్యం మార్చుకోవడం, ఇలా గోదావరి దాటి ఒడిశా, ఛత్తీస్‌గఢ్, బీహార్, బెంగాల్ మీదుగా బంగ్లాదేశ్ దాకా వెళ్లింది. అక్కడ ప్రభుత్వం విడుదల చేయకపోయినా రైతులే సరిహద్దు దాటించుకున్నారు. ఏ విస్తరణ పథకమూ చేయలేని పని ఇది.

తూర్పు రాష్ట్రాల్లో వరదకు చేను రోజుల తరబడి మునిగితే స్వర్ణ బతకదు. ఆ ఫిర్యాదుకు జవాబు 2009లో వచ్చింది. అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ, కటక్‌లోని కేంద్ర వరి పరిశోధనా సంస్థ కృషితో స్వర్ణ సబ్-1 విడుదలైంది. రెండు వారాల దాకా పూర్తిగా మునిగినా తేరుకునే రకం. దానికి ఆ గుణం ఇచ్చిన జన్యువు ఒడిశా రైతుల పాత నాటు రకం నుంచి ఏరిన ఎఫ్ఆర్ 13ఏ అనే రకంలోనిది. అంటే సమస్యను రైతులు చెప్పారు, దాని పరిష్కారంలో సగం కూడా రైతుల గాదెలోనే ఉంది. 1982 నుంచి 2009 అంటే 27 ఏళ్లు.

బాపట్ల నుంచి 1986లో వచ్చిన బీపీటీ 5204 సంగతీ ఇంతే. సాంబ మసూరి అన్నం రుచి గురించి తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. కానీ దాన్ని పండించే రైతుకు అగ్గితెగులంటే టెన్షన్, బ్యాక్టీరియా ఎండాకు తెగులంటే ఇంకా టెన్షన్. రెండోదాన్ని తట్టుకునే మెరుగైన సాంబ మసూరిని హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధనా సంస్థ సీసీఎంబీ, వరి పరిశోధనా డైరెక్టరేట్ కలిసి మూడు నిరోధక జన్యువులు చేర్చి 2008లో తెచ్చాయి. గింజ తీరు, వంట తీరు మారకూడదన్నది ఆ పనిలో పెట్టుకున్న షరతు. రైతు, మిల్లరు, తినేవాళ్లు ముగ్గురూ దేన్ని వదులుకోరో ముందే తెలుసుకుని దిగిన పరిశోధన అది. ఈ రెండు సందర్భాల్లోనూ జవాబు వచ్చింది మొదట వంగడాన్ని తీసిన చోటు నుంచి కాదు. ఒక విశ్వవిద్యాలయం ఊరితో కుదుర్చుకునే పొత్తు నిజానికి ఒక గొలుసు. విశ్వవిద్యాలయం అందులో ఒక కొక్కెం. తానొక్కటే అన్నిటికీ జవాబివ్వలేనప్పుడు రైతు మాటను ఇవ్వగల వాళ్ల దగ్గరికి మోసుకెళ్లడం కూడా దాని పనే.

వరి కంటే గట్టి పాఠం అనంతపురం వేరుశనగలో ఉంది. అక్కడి రైతులు దశాబ్దాల పాటు టీఎంవీ-2 అనే రకాన్నే పట్టుకున్నారు. తమిళనాడు తిండివనంలో 1940లో విడుదలైన పాత రకం. ఆ మధ్య కాలంలో ఎన్నో కొత్త రకాలు వచ్చాయి. పరిశోధనా క్షేత్రంలో అవన్నీ టీఎంవీ-2 కంటే ఎక్కువ కాశాయి. అయినా రైతు మారలేదు. దీన్ని చాలాకాలం రైతు అజ్ఞానం కిందో, మొండితనం కిందో జమ కట్టారు.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన, అదీ ఎప్పుడు పడుతుందో తెలియని జిల్లాలో లెక్క వేరుగా ఉంటుంది. మంచి ఏడాదిలో రెండు బస్తాలు ఎక్కువ రావడం కంటే, చెడ్డ ఏడాదిలో విత్తనానికైనా కాయ దక్కడం అక్కడ ముఖ్యం. ఎకరాకు పోసే విత్తనకాయ ఖర్చే పెద్ద భారం కాబట్టి తెలియని రకం మీద పందెం కాయడం ఎవరికీ ఇష్టం ఉండదు. పైగా కొత్త రకం విత్తనం ఊళ్లో దొరకాలి కదా. కావలసిన పరిమాణంలో దొరికేది కాదు.

2000 తర్వాతి తొలి ఏళ్లలో మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధనా సంస్థ ఇక్రిశాట్, రంగా విశ్వవిద్యాలయం స్థానిక శాస్త్రవేత్తలు, అనంతపురంలో 1969 నుంచి పనిచేస్తున్న ఆర్డీటీ స్వచ్ఛంద సంస్థ కలిసి పద్ధతి మార్చారు. ఒకే రకాన్ని తెచ్చి ఇది వేసుకోండి అనడం మానేసి, కొన్ని రకాలను రైతుల చేలల్లోనే పక్కపక్కన వేయించి, ఎంచుకోవడం వాళ్లకు వదిలేశారు. రైతులు ఎంచుకున్న వాటిలో ముందు నిలిచింది ఐసీజీవీ 91114. కోతకు త్వరగా వస్తుంది, నడుమ బెట్ట తగిలినా తట్టుకుంటుంది. వీటితో పాటు రైతులు, ముఖ్యంగా ఇళ్లలో పాడి చూసుకునే ఆడవాళ్లు గమనించిన సంగతి ఇంకోటి ఉంది. దాని కట్టె (కాయలు తీశాక మిగిలే మొక్క) కోత నాటికి కూడా పచ్చగా ఉంటుంది, పశువులు ఇష్టంగా తింటాయి. వేరుశనగ పోయిన ఏడాది కూడా ఇంటిని నడిపేది పాలే కాబట్టి కట్టె వాళ్లకు రెండో పంట లాంటిది. తర్వాత చేసిన అధ్యయనంలో ఈ కట్టె మేసిన పశువుల పాల దిగుబడి సుమారు 11 శాతం పెరిగినట్టు తేలింది. కాయ దిగుబడి పట్టికల్లో మేతకు గడి లేనంత కాలం ఈ సంగతి ఏ శాస్త్రవేత్తకూ తట్టకపోవడంలో ఆశ్చర్యం లేదు. రైతును ఎంపికలో కూర్చోబెట్టాక ఆ గడి దానంతట అదే వచ్చింది.

విత్తనం అందితేనే ఎంపికకు విలువ. కదిరి పరిశోధనా స్థానం 2005లో విడుదల చేసిన కదిరి-6 సీమ అంతటా పాకడానికి ప్రభుత్వం సబ్సిడీ మీద దాన్నే పంచడం పెద్ద కారణం. మంచి రకాన్ని తీయడం, రైతు దాన్ని మెచ్చడం, ఆ తర్వాత టన్నుల కొద్దీ నాణ్యమైన విత్తనం తయారవడం మూడు వేర్వేరు పనులు. మూడోదాని దగ్గర బోలెడు మంచి రకాలు ఆగిపోయాయి. ఊళ్లోనే కొందరు రైతులకు మూలవిత్తనం ఇచ్చి, పర్యవేక్షించి, విత్తన పంట తీయించే విత్తన గ్రామాల పద్ధతి ఈ లోటు తీర్చగలదు. ఈ పనిలో విశ్వవిద్యాలయం ఇంకా చాలా ఎక్కువ శ్రద్ధ పెట్టాలి.

భాగస్వామ్యం అనే మాటను విద్యార్థులు మొదటిసారి ఒంటితో తెలుసుకునేది గ్రామీణ పని అనుభవ కార్యక్రమమైన రావెప్‌లో. బీఎస్సీ అగ్రికల్చర్ నాలుగో ఏడాదిలో విద్యార్థులు కొన్ని వారాల పాటు ఊళ్లో ఉండి, ఒక్కొక్కరు ఒక్కో రైతు వెంట పొలం పనుల్లో తిరుగుతారు. నారుమడి నుంచి మొదలుపెట్టి మందు పిచికారీ దాకా రైతు ఏం చేస్తే అది చూడాలి, చేయాలి, ఖర్చు రాసుకోవాలి. పుస్తకంలో చదివిన ఎరువు మోతాదుకూ, అప్పు తెచ్చిన డబ్బుతో కొన్న ఎరువు మోతాదుకూ మధ్య తేడా మొదటిసారి అర్థమయ్యేది అక్కడే.

రావెప్‌లో అందరూ చూడాల్సిన ఘట్టం ఊరి పటం వేయడం. రామాలయం ముందో, స్కూలు ఆవరణలోనో ఖాళీ జాగా ఊడ్చి, ముగ్గుపిండితో, రంగులతో నేల మీద ఊరిని గీస్తారు. పసుపు రంగు ఇళ్లు, పచ్చ రంగు పొలాలు, నీలం చెరువు. విద్యార్థులు గీస్తుంటే చుట్టూ జనం చేరతారు. కాసేపటికి ఎవరో పెద్దాయన కర్రతో చూపించి, అలుగు అటు కాదమ్మా, ఇటు పారుతుంది అంటాడు. ఇంకొకరు ఎండిపోయిన బోర్లు ఎక్కడెక్కడున్నాయో చెబుతారు. ఎవరి పొలం మీదుగా కాలువ పోయిందన్న దగ్గర చిన్న గొడవ కూడా అవుతుంది. అప్పటిదాకా పిల్లలు చేసే ప్రాజెక్టులా ఉన్నది ఊరి పనిగా మారేది సరిగ్గా ఆ గొడవతోనే. అందుకే గొడవ రాని పటం చూస్తే అనుమానించాలి.

ఆ పటాన్ని ఎక్కడ వేశారన్నది కూడా ముఖ్యమే. రామాలయం ముందు వేస్తే కొందరు దగ్గరికి రారు. ఎస్సీ కాలనీ పటం అంచున నాలుగు గళ్లుగా మిగిలిపోతుంది, అక్కడి చేతిపంపు, శ్మశానానికి లేని దారి పటంలోకే ఎక్కవు. మగవాళ్లు చెప్పే ఋతు క్యాలెండర్‌లో, అంటే ఏ నెలలో ఏం జరుగుతుందో రాసే పట్టికలో, విత్తనం, నాట్లు, కోతలు ఉంటాయి. ఆడవాళ్లను విడిగా కూర్చోబెట్టి అడిగితే ఏ నెలలో కూలి దొరకదు, ఏ నెలలో మేత ఉండదు, ఏ నెలలో జ్వరాలు, ఏ నెలలో డ్వాక్రా వాయిదా కట్టలేక చేబదులు తెస్తారు అనేవి బయటికొస్తాయి. శ్రద్ధ ఉన్న అధ్యాపకులు పటాన్ని రెండు చోట్ల, క్యాలెండర్‌ను రెండు గుంపులతో వేయిస్తారు. ఇది అందరూ చేయాల్సిన పని.

తర్వాత ఆ పటం చార్టు మీదికి ఎక్కుతుంది, చార్టు కాలేజీకి వెళ్తుంది, మార్కులు పడతాయి. ఊరికి మిగిలేది వానకు చెరిగిన ముగ్గు. ఏటా కొత్త బ్యాచ్ వచ్చి మళ్లీ మొదటినుంచి అదే అడిగితే, మూడో ఏడాదికి రైతులు విసుగుతో సమాధానం చెప్పడం సహజం. పటం కాపీ ఒకటి పంచాయతీ ఆఫీసులో ఉంచి, వచ్చే ఏడాది పిల్లలు దాన్ని తీసుకుని, నిరుడు ఇన్ని బోర్లు ఎండాయన్నారు, ఇప్పుడెలా ఉంది అని మొదలుపెడితే చాలు. పదేళ్లకు ఆ ఊరి నీటి చరిత్ర ఊరి చేతిలోనే ఉంటుంది. పైసా ఖర్చు లేని ఈ మార్పు చాలాచోట్ల జరగకపోవడం బాధ కలిగించే విషయం.

జిల్లాల్లో రైతుల కోసం పరీక్షలు, శిక్షణలు నిర్వహించే కృషి విజ్ఞాన కేంద్రాల (కేవీకేల) సంగతికొస్తే, మొదటిది 1974లో పుదుచ్చేరిలో తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద మొదలైంది. ఇప్పుడు దేశంలో 730కి పైగా ఉన్నాయి. కొన్ని విశ్వవిద్యాలయాల కింద, కొన్ని స్వచ్ఛంద సంస్థల కింద నడుస్తాయి. జహీరాబాద్ దగ్గర ఉన్నది డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీది. చిరుధాన్యాల విత్తనాన్ని ఇళ్లలో దాచి కాపాడిన దళిత మహిళా రైతుల సంఘాల ద్వారా ఎదిగిన ఆ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ ప్రైజ్ ఇచ్చింది. జొన్న, కొర్ర, సామల గురించి నేర్చుకోవడానికి విశ్వవిద్యాలయం ఊరికి వెళ్లాల్సిన సందర్భం అది.

కేవీకే పనిలో అన్నిటికంటే విలువైన నియమం క్షేత్ర పరీక్షకు సంబంధించింది. రైతు పొలంలో వేసే ఆ పరీక్షలో కొత్త సాంకేతికతతో పాటు రైతు పద్ధతి కూడా ఒక మడిగా ఉండి తీరాలి. కొత్తది గెలవచ్చు, ఓడిపోవచ్చు. ఓడిపోయిన ఫలితాన్ని కూడా అంతే శ్రద్ధగా రాస్తే రైతు పద్ధతిలో ఉన్న తెలివి పరిశోధనలోకి ఎక్కుతుంది. కానీ ప్రదర్శన బాగా పండాలన్న ఒత్తిడిలో, మంచి నేల, నీటి వసతి ఉన్న రైతునే ఏటా ఎంచుకునే అలవాటు చాలాచోట్ల ఉంది. రోడ్డు పక్క పొలం, కారు ఆగే చోటు, మాట్లాడగలిగే రైతు. అక్కడ వచ్చిన ఫలితం లోపలి ఊళ్లో, కాలువ చివర ఉన్న రైతుకు వర్తించదు. కేవీకే శాస్త్రీయ సలహా సంఘంలో రైతులు, మహిళా రైతులు సభ్యులుగా ఉంటారు. వాళ్లు అడిగిందేమిటి, దానిపై ఏం చేశారు అన్నది తర్వాతి సమావేశంలో మొదటి అంశంగా పెట్టి చదివితే ఆ సభ్యత్వానికి అర్థం ఉంటుంది.

వ్యవసాయం కాని చదువులున్న విశ్వవిద్యాలయాలకు కూడా ఊరితో పొత్తు పెట్టుకోవడానికి దారులు ఏర్పడ్డాయి. జాతీయ సేవా పథకం ఎన్ఎస్ఎస్ 1969లో 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైంది. 2014లో వచ్చిన ఉన్నత్ భారత్ అభియాన్ కింద ఒక్కో విద్యాసంస్థ కనీసం ఐదు గ్రామాలను ఎంచుకోవాలి. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ విద్యార్థులకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు తప్పనిసరి అయింది. వీటన్నిటిలో ఇంటింటి సర్వే ఉంటుంది. ఆ సర్వేలో తేలింది గ్రామసభలో చదివి వినిపించాలి అన్న ఒక్క షరతు పెడితే, ఇంట్లో కూర్చుని ఫారాలు నింపే అలవాటు సగం పోతుంది. చదివేటప్పుడు అంకె తప్పని ఊరు చెబుతుంది కాబట్టి.

2025లో మే 29 నుంచి జూన్ 12 వరకు దేశమంతటా శాస్త్రవేత్తల బృందాలు వికసిత్ కృషి సంకల్ప్ అభియాన్ పేరుతో ఊళ్లకు వెళ్లాయి. సమయం సరిగ్గా ఎంచుకున్నారు. ఏరువాకకు ముందు, ఏ విత్తనం కొనాలా అని రైతు ఆలోచించే రోజులవి. కానీ రైతుకు శాస్త్రవేత్త నిజంగా కావలసింది ఆగస్టులో, సుడిదోమ కనిపించిన వారంలో. అప్పుడు ఫోన్ ఎత్తే మనిషి ఎవరో తెలిస్తే ఆ జూన్ పరిచయం ఫలించినట్టు. రంగా విశ్వవిద్యాలయం జిల్లాల్లో పెట్టిన ఏరువాక కేంద్రాల బలం ఇదే. ఇద్దరు ముగ్గురు శాస్త్రవేత్తలే ఉన్నా, ఏళ్ల తరబడి అదే జిల్లాలో తిరిగిన మనిషికి ఏ మండలంలో ఏ రైతు నిజం చెబుతాడో తెలుసు. బదిలీల్లో ఆ జ్ఞానం చెదిరిపోకుండా చూడాలి. శాస్త్రవేత్త పదోన్నతికి పరిశోధన పత్రాలకు ఉన్నంత విలువ ఊళ్లో గడిపిన కాలానికి లేనప్పుడు, యువ శాస్త్రవేత్త ల్యాబ్‌నే ఎంచుకోవడంలో అతని తప్పు లేదు.

భాగస్వామి ఎవరన్న ప్రశ్న వీటన్నిటి కంటే కష్టమైనది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో పొలం దున్నేది ఎక్కువగా కౌలు రైతులు. పాస్‌బుక్ యజమానిది. సదస్సుకు పిలుపు, చిరుసంచి, సబ్సిడీ యంత్రం పాస్‌బుక్ ఉన్న మనిషిని వెతుక్కుంటూ వెళ్తాయి. వచ్చే ఏడాది ఆ చేను తన చేతిలో ఉంటుందో లేదో తెలియని కౌలు రైతుకు పచ్చిరొట్ట వేసి నేల బాగుచేసుకోమని చెప్పడం అతని పరిస్థితి తెలియక చెప్పే మాట. ఒక సీజన్‌లోనే ఫలితం ఇచ్చే పనులేవో అతనికి విడిగా చెప్పాలి. నాట్లు, కలుపు, కోత చేసే ఆడకూలీలకు చేలో ఏ గడ్డి ఎక్కువైందో యజమాని కంటే ముందు తెలుస్తుంది. వాళ్లను అడిగిన పరిశోధన అరుదు.

అడిగినా, జవాబు విశ్వవిద్యాలయం చేతిలో లేని సందర్భాలుంటాయి. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. అన్నపూర్ణ అని పేరున్న నేలలో వరి వేయబోమని రైతులు అనడం దేశమంతా చూసింది. వాళ్లు అడిగింది కొత్త వంగడం కాదు. గిట్టుబాటు ధర, పూడిపోయిన మురుగు కాలువల బాగు, కూలీల కొరతకు పరిష్కారం. తెలంగాణలో 2024 ఖరీఫ్ నుంచి ప్రభుత్వం 33 సన్నరకాలకు క్వింటాకు 500 రూపాయల బోనస్ ఇవ్వడం మొదలుపెట్టగానే దొడ్డు రకాలు వేసేవాళ్లు సన్నాలకు మళ్లారు. ఏళ్ల ప్రదర్శనలు చేయలేనిది ఒక ఉత్తర్వు చేసింది. ఇలాంటప్పుడు విశ్వవిద్యాలయం చేయగల మేలు ఒకటుంది. సాగు ఖర్చును ఊరివారీగా, కౌలుతో సహా నిజాయితీగా లెక్కగట్టి బయటపెట్టడం. రైతు నోటితో చెబితే గోడు అనిపించేది, విశ్వవిద్యాలయం పట్టికలో ఉంటే ధర నిర్ణయించే బల్ల మీద ఆధారం అవుతుంది. ప్రభుత్వానికి ఇబ్బందైనా ఆ పని చేయగలిగితేనే ఊరు దాన్ని తన పక్షాన ఉన్న సంస్థగా నమ్ముతుంది.

నమ్మకం చెడితే ఏమవుతుందో తెలంగాణ రైతులు బాగా ఎరిగిన ఒక విత్తనమే చెబుతుంది. హెచ్ఎంటీ సన్నాలు తీసింది ఏ విశ్వవిద్యాలయమూ కాదు. మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా నాందేడ్ గ్రామానికి చెందిన దళిత రైతు దాదాజీ ఖోబ్రాగడే 1980ల్లో తన చిన్న చేలో తేడాగా కనిపించిన కొన్ని కంకులను విడిగా కోసి, ఏళ్ల పాటు ఏరి పెంచాడు. అప్పట్లో అందరికీ ఇష్టమైన చేతి గడియారం పేరు దానికి పెట్టారు. 1994లో అకోలాలోని వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆయన దగ్గర విత్తనం తీసుకుంది. 1998లో పీకేవీ-హెచ్ఎంటీ పేరుతో రకాన్ని విడుదల చేసింది. తాము శుద్ధి చేశామన్నది విశ్వవిద్యాలయం వాదన. దాదాజీకి దక్కాల్సిన పేరు గానీ, ప్రతిఫలం గానీ దక్కలేదన్న ఆవేదన ఆయన 2018లో కన్నుమూసే దాకా తీరలేదు. లక్షల ఎకరాల్లో ఆయన విత్తనం పండుతుండగా ఆయన పేదరికంలోనే పోయారు.

2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం రైతు తీసిన, కాపాడిన రకాన్ని రైతు పేరుతోనే నమోదు చేసుకునే వీలు కల్పించింది. రైతుకు రిజిస్ట్రేషన్ రుసుము కూడా లేదు. దరఖాస్తు మీద ఒక ధ్రువీకరణ మాత్రం కావాలి. ఆ సంతకం పెట్టగల అధికారుల్లో వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిశోధన సంచాలకులు ఒకరు. రాయలసీమ మెట్టలో, ఉత్తరాంధ్ర కొండల్లో, ఆదిలాబాద్ గూడేల్లో ఇంకా మిగిలిన నాటు రకాల కోసం ఎవరి ఇంట్లో ఏ విత్తనం ఉందో ఊరూరా రాసుకుని, ఆ ఫారం నింపి, సంతకం పెట్టించి పంపే పని కేవీకేలు, రావెప్ విద్యార్థులు ఈ సీజన్‌లోనే మొదలుపెట్టవచ్చు.